శేషం చెప్పిన సముద్రం

 

ఈ సభ ఆహ్వానపత్రిక మీద మా బడి సార్ పేరు లేదేమని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. అది ఆయన పెట్టిన షరతు. ఉపన్యాసం పెట్టుకోండి, సైన్సు చెప్పుకోండి, నా పేరు మాత్రం వేయకండి అన్నారు. ఆ మాట దాటడం మాకు చేతకాలేదు. బోరబండలో ఆయన దగ్గర చదివినవాళ్లకు 'సార్' అంటే ఒక్కరే కాబట్టి ఇబ్బంది కూడా లేదు.

నా చిన్నప్పుడు ఈ ఊరు పేరుకు తగ్గట్టే ఉండేది. ఎటు చూసినా బండలు, వాటి నడుమ తుమ్మచెట్లు, కింద రైలు పట్టాలు. సార్ మాకు సైన్సూ లెక్కలూ రెండూ చెప్పేవారు. ఒకరోజు మమ్మల్ని బండ మీదికి తీసుకెళ్లి, అరచేతిలో పట్టే దిక్సూచిని కింద పెట్టారు. సూది ఊగి ఊగి నిలబడింది. ఉత్తరం దొరికిందని మేం చప్పట్లు కొట్టాం. అప్పుడు ఒక పిల్లవాడితో, "పోయి నీ సైకిల్ తీసుకురా" అన్నారు. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి సూది పక్కకు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి, ఇందాక అది ఉత్తరమే చూపించిందని మీకెలా తెలుసు? ఇంకేదైనా సైకిల్ మీకు కనబడకుండా దగ్గర్లో ఉందేమో?" అని అడిగారు.

నేను నలభై ఏళ్లు భూమి అయస్కాంతత్వాన్ని కొలిచే పనిలో గడిపాను. ఆ నలభై ఏళ్లూ ఆ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే సరిపోయింది. ఇవాళ్టి మాటంతా దాని గురించే.

మరొకటి కూడా చెప్పాలి. భాగహారంలో శేషం రాయకపోతే సార్ సున్నా వేసేవారు. విభాజకం, భాగఫలం, శేషం అని మూడు గడులు గీయించేవారు. శేషం సున్నా అయినా సరే, సున్నా అని రాయాల్సిందే. నిప్పు, అప్పు, పగ, ఈ మూడింట్లో శేషం ఉంచకూడదని మన పెద్దలు అంటారు. లెక్కలో మాత్రం శేషాన్ని ఎప్పుడూ పారేయకూడదని సార్ అనేవారు. గ్రహాల అయస్కాంత క్షేత్రాలను చదివే శాస్త్రం మొత్తం ఆ మూడో గడిలోనే పుట్టిందని నేను నమ్ముతున్నాను. అదెలాగో మెట్టు మెట్టుగా చెబుతాను.

1. దగ్గరిది గట్టిగా అరుస్తుంది

మీ జేబుల్లోంచి ఫోన్లు తీయండి. సభలో ఫోన్ తీయమనే వక్త మీకు మళ్లీ దొరక్కపోవచ్చు! అందులో దిక్సూచి యాప్ ఉంటుంది. దాని వెనక గోరంత కూడా లేని ఒక చిప్ అయస్కాంత క్షేత్రాన్ని మూడు దిశల్లో కొలుస్తుంది. కొన్ని ఫోన్లలో ఆ అంకె కూడా కనబడుతుంది. ఆరుబయట, చుట్టూ ఇనుము లేని చోట, హైదరాబాద్‌లో అది 43 మైక్రోటెస్లాల దాపున ఉండాలి. మా లెక్కలో అది 43 వేల నానోటెస్లాలు. ఈ హాల్లో అలా ఉండదు. స్లాబులో ఇనుప చువ్వలున్నాయి, మీ కుర్చీలు ఇనుపవి, పక్కవారి ఫోన్ స్పీకర్లో అయస్కాంతం ఉంది.

భూమి క్షేత్రం చాలా మెత్తనిది. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న బిళ్ల కూడా, తన ఒంటి దగ్గర, భూమికి నూరింతల బలంతో లాగుతుంది. ఇంత పెద్ద భూమి ఒక బిళ్ల ముందు ఓడిపోతుందా అని పిల్లలు అడుగుతారు. అవును, దగ్గర్లో ఓడిపోతుంది. అయస్కాంత బలం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది. రెట్టింపు దూరం వెళితే ఎనిమిదో వంతే మిగులుతుంది. బిళ్ల బలం జానెడు దూరంలో ఆరిపోతుంది. భూమి బలం అంతరిక్షంలో వేల కిలోమీటర్లు పరుచుకుని ఉంటుంది.

యాప్ తెరిచినప్పుడు ఫోన్‌ను గాలిలో '8' అంకెలా తిప్పమని అడుగుతుంది. ఎందుకో ఆలోచించారా? ఫోన్ లోపల దాని సొంత ఇనుము ఉంది, స్పీకర్ ఉంది. మీరు ఫోన్‌ను ఎటు తిప్పితే అవీ అటే తిరుగుతాయి కాబట్టి వాటి లాగుడు చిప్‌కు ఎప్పుడూ ఒకేలా అందుతుంది. భూమి క్షేత్రం మాత్రం మీతో తిరగదు. అన్ని వైపులా తిప్పి చూస్తే, ఏది ఫోన్‌తో పాటు తిరుగుతోందో, ఏది తిరగడం లేదో సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. తిరిగేదాన్ని తీసేస్తుంది. మిగిలింది ఉత్తరం. మాదాపూర్ ఆఫీసుకు దారి వెతుక్కుంటూ ఫోన్ తిప్పే ప్రతి కుర్రవాడూ, తెలియకుండానే, సార్ సైకిల్‌ను దూరంగా నెడుతున్నాడన్నమాట.

2. ఊరు పెరిగితే సూది జరగాలి

ఫోన్‌కు ఆ మాత్రం చాలు. 43 వేలలో ఒక్క నానోటెస్లా తేడాను కూడా పట్టుకోవాలంటే మాత్రం ఇల్లే వేరుగా కట్టాలి. అయస్కాంత పరిశీలనశాలల్లో కొలిచే గదికి ఇనుప మేకు వాడరు. ఇత్తడి, రాగి, రాయి, చెక్క. లోపలికి వెళ్లేవాళ్లు తాళంచెవులు, బెల్టు బయట పెట్టి వెళ్లాలి. ఇంత మడి దేనికంటే, అక్కడి లెక్క గంటలతో ముగిసేది కాదు, దశాబ్దాలది. భూగర్భంలో కరిగిన ఇనుము కదలికతో క్షేత్రం ఏడాదికి కొన్ని పదుల నానోటెస్లాలు మారుతుంది. ఆ మార్పు చూడాలంటే ఏళ్ల తరబడి చుట్టూ ఏదీ మారకూడదు. ఊళ్లు మారకుండా ఉంటాయా?

బొంబాయి కథ వినండి. కొలాబాలో 1841 నుంచి అయస్కాంత కొలతలు నడిచాయి. 1859 సెప్టెంబరులో సూర్యుడి నుంచి వచ్చిన మహా తుపాను, ఇప్పుడు కారింగ్టన్ తుపాను అంటున్నారే, అది భూమిని తాకినప్పుడు కొలాబా రీడింగు దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. ఆ తుపానును భూమధ్యరేఖ వైపు నుంచి అంత తీరుగా రాసి ఉంచిన చోట్లు లోకంలో చాలా తక్కువ. ఇవాళ అలాంటిది మళ్లీ వస్తే కరెంటు లైన్లు, ఉపగ్రహాలు ఏమవుతాయని లెక్క వేసే ప్రతివాళ్లూ ఆ కొలాబా కాగితాన్నే తెరుస్తారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొంబాయి ట్రాములకు గుర్రాల బదులు కరెంటు రాబోతోందని తేలింది. అప్పుడు పరిశీలనశాలకు పెద్దగా ఉన్న నానాభాయ్ ఆర్దెషీర్ ఫ్రామ్‌జీ మూస్ ఏం చేశారంటే, ట్రాములు ఆపమని కొట్లాడలేదు. సముద్రం అవతల అలీబాగ్‌లో చోటు చూసి 1904లో అక్కడ కొలతలు మొదలుపెట్టించారు. కొలాబాను వెంటనే మూసేయలేదు. 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలిచారు. ఈ రెండేళ్ల మాట నాకు చాలా ఇష్టం. రెండూ పక్కపక్కన నడిస్తేనే కదా, పాత చోటి లెక్కకూ కొత్త చోటి లెక్కకూ తేడా ఎంతో తెలిసేది! ఆ తేడా తెలియడం వల్లే 1841 నుంచి ఇవాళ్టిదాకా ఒకే గొలుసు తెగకుండా వచ్చింది.

మన దగ్గరా అదే జరిగింది. 1961లో హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనం ఎన్జీఆర్‌ఐ అంటాం, పుట్టింది. 1964లో ఉప్పల్ ఆవరణలో అయస్కాంత పరిశీలనశాల మొదలైంది. అప్పటి ఉప్పల్ పొలాల నడుమ ఉండేది. తరవాత కాలనీలు, లారీలు, ఫ్యాక్టరీలు, చివరికి 2017లో నాగోలు నుంచి మెట్రో. ఊరి రొద సూదికి వినబడడం మొదలైంది. ఎన్జీఆర్‌ఐ విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్‌లో రెండో పరిశీలనశాల పెట్టుకుంది. మూస్ చూపిన దారే. దూరంగా జరుగు, పాతదాన్ని వదలకు, రెండింటినీ పోల్చి చూడు.

బేగంపేట మీదుగా వెళ్లేటప్పుడు నాకు నిజామియా వేధశాల గుర్తొస్తుంది. అక్కడ దీపాల కాంతి నక్షత్రాలను తరిమింది, ఉస్మానియావాళ్లు రంగాపూర్ వెళ్లి పెద్ద దూరదర్శిని పెట్టుకున్నారు. నగరాన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మనమందరం ఈ నగరం అన్నమే తింటున్నాం. అయితే ఊరవతల ఇనుము లేని నాలుగెకరాలు, చీకటి ఉన్న ఒక గుట్ట, ఇవి కూడా చెరువుల్లా కాపాడుకోవాల్సినవేనని అధికారులు గుర్తిస్తే బాగుంటుందని ఈ వేదిక మీది నుంచి మనవి చేస్తున్నాను.

3. ఆకాశాన్ని తీసేయడం

ఇనుమంతా దూరం పెట్టాక మిగిలేదంతా భూమిదేనా? కాదు. రోజూ పొద్దెక్కేకొద్దీ సూది రీడింగు పెరిగి, మధ్యాహ్నానికి తారస్థాయికి చేరి, సాయంత్రానికి దిగుతుంది. మన తలల మీద నూరు కిలోమీటర్ల ఎత్తున, ఎండకు విద్యుదావేశం పొందిన గాలిలో, అంటే అయనావరణంలో, కరెంటు పారుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మీద అది సన్నని ఏరులా ఒకచోట చేరి పరుగెడుతుంది. కేరళలోని తుంబాను రాకెట్లకు ఎంచుకోవడానికి కారణం అదే. ఆ ఏరు సరిగ్గా దాని నెత్తి మీద పారుతుంది. 1963 నవంబరు 21న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు అయనావరణం మీద పరిశోధనకు పెద్ద బడి కట్టిన కాలం కూడా దాదాపు అదే.

ఏది పైనుంచి వస్తోంది, ఏది కిందినుంచి వస్తోంది అని విడదీసే గణితం 1830ల చివర జర్మన్ గణితవేత్త గౌస్ ఇచ్చాడు. భూగోళం మీద చాలా చోట్ల ఒకేసారి కొలవండి, ఆ అంకెలన్నీ నాకివ్వండి, ఎంత లోపలిదో ఎంత బయటిదో చెబుతానన్నాడు. చెప్పాడు కూడా. దాదాపు అంతా లోపలిదేనని తేలింది. ఒక్కచోట ఎంత బాగా కొలిచినా ఈ ప్రశ్న తేలదు. ఇంకోచోట ఇంకొకరు కూడా అదే గంటకు చూసి ఉండాలి.

ఇది నేను నొచ్చుకుని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రి డ్యూటీలో నమోదైన కాగితాలను శుభ్రం చేయడం నా పని. ఒక రాత్రి గీత ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచింది. గేటు దగ్గరికి ఏదో బండి వచ్చి ఉంటుందనుకుని ఆ ముక్కను తీసేసి, గీతను సాఫీగా కలిపాను. ఎవరినీ అడగలేదు. రెండు నెలల తరవాత వేరే దేశాల నుంచి పోస్టులో కాగితాలు వచ్చాయి. ప్రతి కాగితం మీదా అదే నిమిషానికి అదే ఎగుడు. సూర్యుడి నుంచి వచ్చిన అల భూమి క్షేత్రాన్ని ఒక్కసారిగా నొక్కిన క్షణం అది. భూమంతా ఒక్కసారి ఉలిక్కిపడితే, ఆ ఉలికిపాటును లేదని రాసింది నేనొక్కణ్ణే. తెల్లవారి మా పెద్దాయన ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. అసలు కాగితం వెతికించి, నా చేతితోనే దాన్ని తిరిగి ఫైల్లో పెట్టించారు. ఆ రోజు నుంచి తీసేసిన ప్రతి ముక్కనూ, ఎందుకు తీసేశానో పక్కన రాసి, వేరే కవరులో దాచాను. సార్ మూడో గడి అది.

4. బండ కూడా ఒక సాక్షి

ఇక మన కాళ్ల కింది బండ దగ్గరికి వద్దాం. ఈ మెట్టు చిన్నదే, కానీ బోరబండలో నిలబడి దీన్ని దాటేయలేను.

హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దీన్ని చీల్చుకుని లోపలినుంచి వచ్చి గడ్డకట్టిన నల్లరాతి చారలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. డైకులంటారు. తెలంగాణలో ఉన్నవాటిలో కొన్ని 200 కోట్ల ఏళ్లు దాటినవి. కరిగిన రాయి చల్లారుతున్నప్పుడు అందులోని మాగ్నెటైట్ రేణువుల అయస్కాంతత్వం అప్పటి భూమి క్షేత్రం ఎటుందో అటు తిరిగి, అలాగే బిగుసుకుపోతుంది. శాస్త్రంలో దీని పేరు అవశేష అయస్కాంతత్వం. ఆ పేరులోనూ శేషం ఉంది చూశారా! పైనున్న క్షేత్రం ఎన్నిసార్లు మారినా, రాయి తనకు మొదట తెలిసిన ఉత్తరాన్ని వదలదు.

మన స్టేషన్ ముందు పోయే పట్టాలు 1874లో వాడి జంక్షన్ దాకా వేసినవి. ఆ రైలెక్కి పడమరకు వెళితే వికారాబాద్ వైపు గ్రానైటు అయిపోయి దక్కన్ లావా నేల వస్తుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద పారిన లావా. 1950ల్లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి వచ్చిన బృందం దక్కన్ రాళ్లను కొలిచింది. ఇప్పుడు హైదరాబాద్‌లో సూది 20 డిగ్రీల పైచిలుకు కిందికి వాలుతుంది. ఆ రాళ్లలోని సూది వాలు దీనికి ఏమాత్రం పొసగలేదు. కొన్ని పొరల్లో ఉత్తర దక్షిణాలు తారుమారై కూడా ఉన్నాయి. ఆ వాలు నుంచి అక్షాంశం లెక్క కట్టి చూస్తే ఒక్కటే తేలింది. ఈ లావా చల్లారిన రోజున మన నేల భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. ఖండాలు కదులుతాయంటే చాలామంది నమ్మని రోజులవి. మన రాయి ఇచ్చిన సాక్ష్యం ఆ వాదంలో పెద్ద బరువైంది.

5. కాళ్లకు నేల లేనిచోట

ఇంతదాకా నేల మీద ఉన్నాం కాబట్టి సైకిల్‌ను దూరం పెట్టగలిగాం. అంతరిక్ష నౌకలో కొలిచేవాడి గతేమిటి? వాడు కూర్చున్నదే సైకిల్ మీద. మోటార్లు, బ్యాటరీలు, తీగల్లో పారే కరెంటు, అన్నీ అయస్కాంతాలే. ఇంటి నుంచి బయటికి నడిచే దారి లేదు.

అందుకని ఒక పొడవాటి గడ కట్టి, దాని కొసన కొలిచే పరికరం పెడతారు. వాయేజర్ నౌకలకు ఆ గడ 13 మీటర్లు. అది కూడా చాలదు. 1971లో నార్మన్ నెస్ బృందం ఒక ఉపాయం రాసింది. గడ మీద ఒకటి కాదు, రెండు పరికరాలు పెట్టండి, ఒకటి కొసన, ఒకటి మధ్యలో. నౌక సొంత క్షేత్రం దగ్గరి పరికరానికి ఎక్కువగా, దూరపు దానికి తక్కువగా తగులుతుంది. బయటి క్షేత్రం రెండింటికీ సమానంగా తగులుతుంది. రెండింటి తేడా చూస్తే నౌక పాలు ఎంతో తెలిసిపోతుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన మన ఆదిత్య ఎల్1కు కూడా అదే అమరిక. 6 మీటర్ల గడ, కొసన ఒక పరికరం, 3 మీటర్ల దగ్గర ఇంకొకటి. 2024 జనవరిలో ఆ గడ విచ్చుకుంది. కొలాబా, అలీబాగ్ పక్కపక్కన నడిచిన ఆ రెండేళ్లను మూడు మీటర్లలోకి కుదిస్తే వచ్చేది ఇదే.

ఈ పనికే జీవితమిచ్చిన ఒక మనిషి గురించి చెప్పాలి. మార్గరెట్ కివెల్సన్. 1928లో పుట్టారు. 1957లో జూలియన్ ష్వింగర్ దగ్గర సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. తరవాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చి, గురుగ్రహం క్షేత్రం వైపు మళ్లారు. గెలీలియో అనే నౌకను గురుడి దగ్గరికి పంపాలని 1970ల చివర నిర్ణయమైనప్పుడు, దాని అయస్కాంతమాపకానికి ఆమె పెద్ద. ఇక ఓపిక కథ వినండి. 1986లో ఛాలెంజర్ షటిల్ పేలిపోయింది, ప్రయాణం వాయిదా పడింది. 1989 అక్టోబరులో గెలీలియో బయల్దేరింది. 1991లో దాని పెద్ద యాంటెన్నా విచ్చుకోలేదు. సెకనుకు లక్షా ముప్పైవేల బిట్లు పంపాల్సిన నౌక చిన్న యాంటెన్నాతో, ఎంత పట్టుబట్టినా, 160 బిట్ల దగ్గర ఆగిపోయింది. హైటెక్ సిటీలో పనిచేసే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. 160 బిట్లంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ చిల్లుకుండతోనే నీళ్లు మోసి వాళ్లు ఏం సాధించారో చూడండి.

1995 డిసెంబరులో గెలీలియో గురుడి కక్ష్యలో చేరింది. 1996 జూన్‌లో గానిమీడ్ అనే ఉపగ్రహం పక్కనుంచి పోతుంటే సూది గట్టిగా కదిలింది. గానిమీడ్‌కు సొంత అయస్కాంత క్షేత్రం ఉంది. ఒక ఉపగ్రహానికి, తన గర్భంలోంచి ఇప్పటికీ పుడుతున్న క్షేత్రం ఉండడం మనకు తెలిసినంతలో ఇదొక్కటే.

గురుడి మరో ఉపగ్రహం యూరోపా దగ్గరికి వచ్చేసరికి కథ మెలిక తిరిగింది. యూరోపా మన చంద్రుడి కంటే కొంచెం చిన్నది, ఒంటినిండా మంచు. గురుడి క్షేత్రం అక్కడ నాలుగువందల నానోటెస్లాలకు పైగా ఉంటుంది. దాన్ని తీసేశారు. చుట్టూ తిరిగే ఆవేశకణాల ప్రభావం అంచనా కట్టి అదీ తీసేశారు. శేషం మిగిలింది. నూరు నానోటెస్లాలకు అటూఇటూ. యూరోపాలో కూడా ఒక అయస్కాంతం ఉందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ శేషం దిశ వింతగా ఉంది. ఆ సమయానికి గురుడి క్షేత్రంలో మారుతూ ఉండే భాగం ఎటు లాగుతోందో, దానికి ఎదురుగా ఉంది.

మీ ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉందా? దాని మీద గిన్నె లేకపోతే కుయ్‌మని ఆగిపోతుంది. దానికి కళ్లున్నాయా? లేవు. లోపలి తీగచుట్ట క్షణక్షణం దిశ మార్చే క్షేత్రాన్ని పంపుతుంది. పైన ఇనుప గిన్నె ఉంటే అందులో కరెంటు పుట్టి, ఆ కరెంటు వచ్చిన క్షేత్రాన్ని ఎదిరిస్తుంది. ఆ ఎదిరింపే స్టవ్‌కు గుర్తు. ప్లాస్టిక్ పళ్లెం పెట్టండి, ఎదిరింపు రాదు, గిన్నె లేదనే అనుకుంటుంది.

గురుడి అయస్కాంత అక్షం పదిడిగ్రీల దాకా ఒరిగి ఉంది. గురుడు పదిగంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు. దాంతో యూరోపా మీద నిలబడి చూస్తే 11 గంటల చిల్లరకోసారి క్షేత్రం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఊగి మళ్లీ వెనక్కి వస్తుంది. గురుడే స్టవ్. మరి ఎదిరిస్తున్న గిన్నె ఏది? మంచు కాదు, మంచులో కరెంటు పారదు, అది ప్లాస్టిక్ పళ్లెమే. నడిమధ్యన ఉన్న లోహగర్భమూ కాదు, అంత లోతునుంచి ఇంత ఎదిరింపు పైకి రాదు. పైపొరకు దగ్గర్లోనే, ఉపగ్రహమంతా చుట్టుకుని, కరెంటు పారే పదార్థం ఉండాలి. ఉప్పునీరు. మంచు కింద సముద్రం.

ఈ మాటను కృషన్ ఖురానా, కివెల్సన్, వాళ్ల తోటివారు 1998 అక్టోబరులో 'నేచర్' పత్రికలో రాశారు. యూరోపాకే కాదు, గుంతలు పడి చచ్చిన రాయిలా కనబడే ఇంకో ఉపగ్రహం కలిస్టోకు కూడా అదే చెప్పారు. అదే ఏడాది నవంబరులో మన పక్కన సైబర్ టవర్స్ తెరిచారు. ఈ ఊరి తలరాత మారిన ఏడాది. అక్కడ, 60 కోట్ల కిలోమీటర్లకు పైన, మూడో గడిలోని ఒక అంకె నుంచి ఒక సముద్రం బయటికొచ్చిన ఏడాది.

కానీ కథ ఆగలేదు, ఆగకూడదు కూడా. వీళ్లు అప్పటిదాకా చూసిన మంచి రీడింగులన్నీ గురుడి క్షేత్రం ఒకే వైపు లాగుతున్నప్పటివి. యూరోపాలో నిజంగా ఒక స్థిరమైన అయస్కాంతం ఉండి, కాకతాళీయంగా ఆ దిశలో ఉందేమో? ఆ సందేహం తీరాలంటే గురుడి క్షేత్రం అటువైపు ఊగినప్పుడు మళ్లీ వెళ్లాలి. స్థిరమైనదైతే మారదు, సముద్రమైతే తిరగబడుతుంది. 2000 జనవరి 3న గెలీలియో అలాంటి వేళ చూసుకుని వెళ్లింది. శేషం తిరగబడింది.

సార్, మీ సైకిల్ ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు.

6. పెట్టెలో దాచిన కాగితం

ప్రతి శేషంలోనూ సముద్రం ఉండదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మిగిలినదంతా రహస్యమేనని పొంగిపోయేవాళ్లూ ఉన్నారు. నా కవరులో దాచిన ముక్కల్లో నూటికి తొంభై నిజంగా గేటు దగ్గరి బండ్లే. ఏది బండి, ఏది సూర్యుడు అని తేల్చేది ఇంకో సాక్షి మాత్రమే. ఇంకో ఊరు, గడ మీద ఇంకో పరికరం, అటువైపు ఊగిన వేళ ఇంకో ప్రయాణం.

ఆ సాక్షి ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది. 1997 డిసెంబరులో గెలీలియో యూరోపాకు రెండువందల కిలోమీటర్ల ఎత్తునుంచి పోయినప్పుడు రీడింగులో ఒక చిన్న కుదుపు వచ్చింది. ఎందుకో ఎవరూ తేల్చలేకపోయారు. తీసి పారేయకుండా దాచారు. ఏళ్ల తరవాత హబుల్ దూరదర్శిని చిత్రాలు యూరోపా నుంచి నీటిధారలు పైకి చిమ్ముతున్నాయేమోనన్న అనుమానం లేపాయి. అప్పుడు షియాన్‌జె జా, కివెల్సన్, ఖురానా, విలియం కర్త్ ఆ పాత కాగితం తెరిచి, అదే నౌకలోని ప్లాస్మా తరంగాల పరికరం రాసినదాంతో కలిపి చూశారు. రెండు పరికరాలూ ఒకే చోట ఉలిక్కిపడ్డాయి. నౌక నీటిధార గుండానే పోయిందంటే సరిపోతుందని 2018లో రాశారు. గెలీలియో అప్పటికే, 2003 సెప్టెంబరులో, గురుడిలో పడి కాలిపోయింది. పరికరం బూడిదైన పదిహేనేళ్లకు దాని సాక్ష్యం అక్కరకొచ్చింది. ధారలు నిజంగా ఉన్నాయా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

2024 అక్టోబరు 14న యూరోపా క్లిప్పర్ అనే నౌక బయల్దేరింది. దానిమీద 8.5 మీటర్ల గడకు అయస్కాంతమాపకాలు బిగించి ఉన్నాయి. ఆ పరికరం బృందానికి నాయకత్వం తీసుకున్నది, తొంభై ఏళ్లు వచ్చాక, మళ్లీ కివెల్సన్ గారే. 2030లో అది గురుడి దగ్గరికి చేరి, యూరోపా పక్కనుంచి దాదాపు 50 సార్లు పోతుంది. అన్నిసార్లు, అన్ని వేళల్లో కొలిస్తే ఆ ఉప్పునీరు ఎంత లోతో, ఎంత ఉప్పగా ఉందో తేల్చవచ్చు. యూరప్ వాళ్ల జ్యూస్ నౌక 2023 ఏప్రిల్‌లో బయల్దేరి గానిమీడ్ వైపు పోతోంది. 2034లో దాని చుట్టూనే తిరగడం మొదలుపెట్టాలి. సొంత క్షేత్రం ఉన్న ఉపగ్రహం లోపల సముద్రాన్ని వెతకాలంటే, ముందు ఆ సొంత క్షేత్రాన్ని తీసేయాలి. ఇది ఇంకా కష్టమైన తీసివేత.

నేను చెప్పదలచుకున్నది అయింది. పిల్లలకు ఒక్క పని. బయట వేపచెట్టు అవతల బండ మీద సార్ దిక్సూచి పెట్టాం. ఇక్కడికి ముప్పై అడుగుల దూరంలో, కింది మెట్టు మీద ఇంకొకటి ఉంది. ఫోన్లు, తాళంచెవులు ఇక్కడి బుట్టలో వేసి వెళ్లండి. రెండింటి రీడింగూ రాయండి. గుమ్మం దగ్గర అమ్మాయి ఇచ్చే కాగితంలో మూడు గడులున్నాయి. మొదటి రెండూ దిక్సూచులవి. మూడోది ఖాళీగా వదలకండి.